మేకుకు పట్టింది తుప్పే

నాకు చదువు రాదు. జీతం తీసుకునేచోట తమిళంలో సంతకం పెడతాను, అంతవరకే. నేను చెబుతుంటే దీన్ని రాస్తున్నది మా సభ పాస్టరుగారి భార్య. ఆమెది నెల్లూరు వైపు, తెలుగు అక్షరాలు చక్కగా వస్తాయి. మా మాట వంకరగా ఉంటుందని దిద్దుతూ రాస్తోంది. మాట దిద్దుకోండి అమ్మగారూ, తిట్లు మాత్రం దిద్దవద్దు అని ముందే చెప్పాను.

మాది కోయంబత్తూరు. మా ముత్తాతలు ఎప్పుడో తెలుగు నేల నుంచి వచ్చారంటారు. ఎప్పుడు వచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు అంటే చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళు మాకు వదిలిపెట్టి పోయింది ఇంట్లో మాట్లాడుకునే మాట ఒక్కటే. నా మొగుడు కార్పొరేషన్‌లో కాలువలు తీసేవాడు, ఆ పనిలోనే పోయాడు. పోయినవాడి ఉద్యోగం పెళ్ళానికి అని చెప్పి నా చేతికి చీపురిచ్చారు. బస్టాండు పక్క వీధులు నావి. మాకు ఒక్కతే కూతురు. అది ప్లస్‌టూలో మంచి మార్కులు తెచ్చుకుని ఇంజనీరింగులో చేరింది.

ఊరి బయట, తోటలు అమ్ముకున్నచోట కట్టిన కాలేజీ అది. గేటు చూస్తే కల్యాణ మండపంలాగా ఉంటుంది. లోపల మొదటి ఏడాది అందరికీ ఒక పాఠం చెబుతారు, యంత్రాలు చదివేవాళ్ళకైనా ఇళ్ళు కట్టడం చదివేవాళ్ళకైనా. మెటీరియల్స్ సైన్సు అంటారు దాన్ని. ఆ పుస్తకం నా పిండి డబ్బా మూత మీద పెడితే మూత లోపలికి దిగిపోయింది, అంత లావు. ఇందులో ఏముందే అని అడిగాను. ఇనుము ఎందుకు వంగుతుంది, గాజు ఎందుకు పగులుతుంది, రబ్బరు లాగితే మళ్ళీ ఎందుకు మొదటికి వస్తుంది, అదంతా ఉంటుందంది. పగిలేది పగులుతుంది, వంగేది వంగుతుంది, దీనికి ఇంత కాగితమా అన్నాను. అప్పుడు బొమ్మలు చూపించింది. గోళీలు పేర్చినట్టు వరసలు వరసలుగా ఉన్నాయి. ఇనుము లోపల చూడగలిగితే అట్లా ఉంటుందట. వరసలో ఒక గోళీ తక్కువైతే దానికొక పేరు, ఎక్కువైతే ఇంకొక పేరు, పక్కకు జరిగితే మరొక పేరు. అన్నీ లోపాలేనట. లోపాలకు పేర్లు పెట్టడానికి నాలుగేళ్ళు ఎందుకు, మా వార్డు సూపర్వైజరును తీసుకుపో, ఒక్క పూటలో అన్నిటికీ పెట్టేస్తాడు అన్నాను. దానికి కోపం వచ్చింది. పుస్తకం మూసి గోడవైపు తిరిగి కూర్చుంది.

అయినా దానికి ఆ పాఠమంటే ఇష్టమే. స్టీలు గిన్నె చేతిలో పట్టుకుని ఇందులో ఏమేమి కలిసి ఉన్నాయో చెప్పేది. గ్యాసు పొయ్యి మీద గరిట వేడెక్కితే పిడి ఎందుకు వేడెక్కలేదో చెప్పేది. నేను వినేదాన్ని కాదు. వినకపోయినా చెప్పేది.

ఆ పాఠానికి లాబ్ కూడా ఉంటుంది. యంత్రాలు పెట్టి చూపించే గది. అక్కడ చెప్పేది ఒక చిన్న వయసు సారు, అందరూ లాబ్ సారు అంటారు. ఒక రోజు ఇనుప కంబిని రెండు కొసలా పట్టి లాగే యంత్రం నడిపించాడట. లాగేకొద్దీ కంబి నడుము దగ్గర సన్నబడుతుందట, ఆ తరువాత టప్పున తెగుతుందట. తెగకముందు లాబ్ సారు పిల్లలందరినీ చూసి, ఇప్పుడు కంబికి ఏమవుతోంది అని అడిగాడు. దీనికి ఇంగ్లీషు మాట నోటికి రాలేదు. అందరికంటే ముందు చెప్పాలన్న ఆత్రం ఒకటి. "కంబి సాగుదు సార్" అంది.

మా ఇంట్లో తెలుగూ తమిళమూ అన్నంలో పులుసు కలిసినట్టు కలిసిపోయి ఉంటాయి. ఏది ఎక్కడిదో వేరుచేసి చూసుకునే అవసరం మాకెప్పుడూ రాలేదు. దీని నోట్లో ఉన్నది మన సాగడం, తోక మాత్రం తమిళం. తమిళ చెవికి సాగుదు అంటే చచ్చిపోతోంది అని. ఇనుప కంబి చచ్చిపోతోంది సార్ అన్నట్టయింది. గదిలో నవ్వు ఆగలేదట. ఎవడో ఆంబులెన్సుకు ఫోన్ చెయ్యండి అన్నాడట. లాబ్ సారు కూడా నవ్వాడట. ఇది కూడా వాళ్ళతోపాటు నవ్వి ఊరుకుంది. ఇంటికి వచ్చి నాకు చెబుతూ మళ్ళీ నవ్వింది. నవ్వులాట కదా అని నేనూ నవ్వాను. నవ్వకుండా ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది, నీ మాట ఏమిటో వాళ్ళకు చెప్పావా లేదా అని. నాకు తట్టలేదు.

రెండోసారి నవ్వులాట కాలేదు. ఉప్పునీళ్ళ సీసాల్లో మేకులు వేసి కొన్ని వారాలు ఉంచారట. పెయింటు వేసిన మేకు, జింకు పూసిన మేకు, ఏమీ పూయని మేకు. తరువాత ఒక్కొక్కరినే పిలిచి నోటితో ప్రశ్నలు అడిగారు. దీని వంతు వచ్చింది. లాబ్ సారు ఎర్రగా అయిపోయిన మేకును పటకారతో పైకి తీసి దీని మొహం దగ్గర పెట్టి, ఏమిటిది అన్నాడు. భయంలో దీనికి మళ్ళీ ఇంటి మాటే వచ్చింది. "తుప్పు, సార్" అంది.

తమిళంలో తుప్పు అంటే ఉమ్మెయ్యి అని. నీళ్ళు పుక్కిలించే పిల్లకు తల్లి చెప్పే మాట అది. తమిళంలో మన తుప్పును తురు అంటారు. దీనికి ఆ మాట తెలుసు, స్కూల్లో చదివింది, ఆ గడియలో రాలేదు. లాబ్ సారు, ఏమన్నావు అన్నాడు. ఆయనకు వినపడలేదేమో అనుకుని ఇది గట్టిగా మళ్ళీ అదే అంది. ఆయన మొహం దగ్గరకు వంగి ఉన్నాడు. వెనక నిలబడిన పిల్లలు చప్పట్లు కొట్టారట. ఆయన మేకు అక్కడే పడేసి దీన్ని బయటికి పొమ్మన్నాడు. తల్లినో తండ్రినో తీసుకురావాలి, వాళ్ళ ఎదుట, తరువాత క్లాసు ఎదుట తప్పయిందని చెప్పాలి, అంతవరకు లాబ్‌లో కాలు పెట్టకూడదు అన్నాడు. లాబ్ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష పోతే అరియర్ పడుతుంది, అంటే ఆ పరీక్ష బాకీ ఉండిపోతుంది. ఒక్క అరియర్ పడినా దీనికి వచ్చే ఉపకారవేతనం ఆగిపోతుంది, అది ఆగితే చదువూ ఆగిపోతుంది. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తెలిసింది ఒక్కటే, పిల్ల జ్వరమని పడుకుంది. ఒళ్ళు తాకితే దాని కంటే నా చెయ్యే వేడిగా ఉంది.

రెండో రోజు కూడా పడుకునేసరికి దుప్పటి లాగేశాను. అప్పుడు చెప్పింది. మొత్తం విన్నాక, ఇంతేనా, మా ఇంట్లో తుప్పు అంటే ఇది సార్ అని ఒక్క మాట చెబితే పోయేది కదా అన్నాను.

"చెప్పలేదా ఆయనకు?"

"లేదు."

"యాల?"

"చెప్తే మీది తెలుగా అంటారు. తెలుగంటే ఏ వీధి అంటారు. దానికి నేనేమి చెప్పేది?"

ఈ ఊళ్ళో తెలుగు రెండు రకాలు. మిల్లులు, తోటలు, బట్టల అంగళ్ళు ఉన్నవాళ్ళ తెలుగు ఒకటి. వాళ్ళు ఎక్కడ మాట్లాడినా, ఓహో పెద్దింటివాళ్ళు అంటారు. చీపురు పట్టినవాళ్ళ తెలుగు ఇంకొకటి. అది నోట్లోంచి వస్తే వెనకే వీధి పేరు అడుగుతారు, వీధి పేరు చెబితే కుర్చీ కొంచెం వెనక్కు జరుగుతుంది. మాట ఒకటే. తుప్పును వాళ్ళూ తుప్పే అంటారు. కాలేజీలో మా పిల్ల, మా అమ్మది గవర్నమెంటు ఉద్యోగం అని చెప్పుకుందట. అబద్ధం కాదు. నా చీపురు మీద గవర్నమెంటు ముద్ర లేదు కానీ ఉద్యోగం వాళ్ళదే. అందుకని సారును ఉమ్మెయ్యమన్నదాన్ని అనిపించుకోవడానికి అది సిద్ధపడింది కానీ తెలుగుదాన్ని అనిపించుకోవడానికి సిద్ధపడలేదు.

దాన్ని ఆ రోజు తిట్టినట్టు ఎప్పుడూ తిట్టలేదు. తెల్లవారితే ఊరంతా ఉమ్మిన ఎర్ర ఉమ్ములు గీకి తీసేదాన్ని నేను, వాటికి మన్నింపు అడిగిన మగవాడు ఒక్కడూ నాకు కనపడలేదు, నువ్వు అనని మాటకు మన్నింపు అడుగుతావా అన్నాను. అది ఏడవలేదు. నువ్వు వస్తే చాలు, నేను తప్పయిందని చెప్పేస్తాను, అయిపోతుంది, నువ్వు మాత్రం అక్కడ తెలుగు మాట ఒక్కటి అనకూడదు అని బస్సులో నా చేత ఒట్టు వేయించుకుంది. వేశాను. చదువు ఆగిపోతే నా పంతాన్ని ఏం చేసుకోను.

ఉతికిన చీర కట్టుకుని పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, పనికి వచ్చేవాళ్ళు వెనక గేటు అన్నాడు. తల్లిని అన్నాను. అయితే ముందు గేటే అన్నాడు, పెద్ద ఉపకారం చేసినట్టు. మమ్మల్ని పైకి పంపారు. అక్కడ ఆ శాఖకు పెద్ద అయిన సారు గది. ఏసీ చప్పుడు చేస్తోంది. కిటికీకి ఇనుప కటకటాలు, ఆ కటకటాలకు కింది కొసన తుప్పు. ఇంత మంది ఇనుము చదివినవాళ్ళు కూర్చునే గదిలో ఒక పూత పెయింటు వేయించేవాడు లేడు.

లాబ్ సారు ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. పెద్ద సారు కూర్చోమనలేదు. ఆయన ఫోన్ మోగింది. తీసి మాట్లాడాడు.

"ఆ, చెప్పమ్మా. మధ్యాన్నానికి మజ్జిగ పులుసు చాలు, ఇంకేమీ వద్దు. వచ్చేస్తాలే."

అచ్చమైన తెలుగు. మా కంటే మెత్తని తెలుగు, అంతే తేడా. నేను నా కూతురి వైపు చూశాను. అది నేల వైపు చూస్తోంది. దానికీ వినపడింది. ఫోన్ పెట్టేసి పెద్ద సారు తమిళంలోకి దిగాడు. పిల్లలు ఈ కాలంలో మర్యాద నేర్చుకోవడం లేదు, ఇంట్లో చెప్పాలి, ఒక్క మన్నింపు చెబితే విషయం ముగిసిపోతుంది అన్నాడు. లాబ్ సారు జరిగినదంతా మొదటి నుంచి చెప్పాడు. మేకు, పటకార, తుప్పు అన్న మాట. ఆ మాట అన్నప్పుడు నేను పెద్ద సారు మొహమే చూస్తున్నాను. కనుబొమ్మ కదిలింది. అర్థమైంది ఆయనకు. అర్థమై పేపరు వెయిటును అటు ఇటు తిప్పాడు.

లాబ్ సారును నేను అంతగా అనను. ఆయనకు తెలిసిన భాష ఆయన విన్నాడు. పెద్ద సారు సంగతి వేరు. ఆయన నోరు తెరిచి, అయ్యా, తెలుగులో దాని అర్థం ఇది అంటే చాలు. ఆ మాట అంటే ఆయనకు పోయేది ఏమీ లేదు, ఆయన తెలుగు పెద్ద తెలుగు కదా. అయినా మాతో ఒకే మాట పంచుకున్నట్టు అవుతుందని కాబోలు, నోరు కట్టుకున్నాడు. నేను ఒట్టు తప్పకుండా తమిళంలోనే అడిగాను, సారుకు ఆ మాటకు ఇంకొక అర్థం తెలియదా అని. ఏ మాటకమ్మా అన్నాడు. ఆ మాటకే అన్నాను. నాకు తెలిసింది ఒకటే అర్థం అన్నాడు. కాసేపటి కిందట మజ్జిగ పులుసు అడిగిన నోరే అది.

లాబ్ సారుకు విసుగొచ్చింది. అమ్మాయి మాట్లాడడం లేదు, మీరైనా చెప్పండి, చెప్పి తీసుకుపోండి అన్నాడు నాతో. నా కూతురు చెబుతానన్నది చెప్పకుండా నేల వైపే చూస్తోంది. దాని చదువు నా రెండు చేతుల్లో ఉన్నట్టు తోచింది. సరే, పోనీ, ఎన్నిసార్లు చేతులు ఎత్తలేదు ఈ బతుకులో అనుకుని దణ్ణం పెట్టబోయాను.

"అమ్మా, చేతులు దించు."

తెలుగులో అంది. గట్టిగా ఏమీ అనలేదు, అయినా ఏసీ చప్పుడు మీద వినపడింది. నా చేత ఒట్టు వేయించుకున్నది అదే, ఒట్టు తీసినదీ అదే. నేను చేతులు దించాను.

తరువాత తమిళంలో లాబ్ సారుకు చెప్పింది. సార్, మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగులో తుప్పు అంటే తురు. మీరు చూపించిన మేకుకు పట్టింది అదే, నేను చెప్పిందీ అదే. దానితో ఆగి ఉంటే చాలు, ఆగలేదు. ఇంకొక మాట సార్, కంబి చచ్చిపోతోందని నేను అనలేదు, సాగుతోంది అన్నాను, పొడుగవుతోంది అని అంది. లాబ్ సారుకు నవ్వు వచ్చింది, మా ఇద్దరి మొహాలు చూసి మింగుకున్నాడు. ఇది ముందే చెప్పవచ్చు కదా అన్నాడు.

అప్పుడు పెద్ద సారు కుర్చీలో ముందుకు వంగి, ఓ, తెలుగా మీరు అన్నాడు తమిళంలో. ఇప్పుడే కొత్త దేశం కనిపెట్టినట్టు. ఆ వెనకే, ఏ ఏరియా అన్నాడు. నేను అనుకున్న ప్రశ్న, అనుకున్న చోట, అనుకున్న గొంతుతో వచ్చింది.

నా కూతురు చెప్పింది. బస్టాండు వెనక కార్పొరేషన్ క్వార్టర్స్, సార్. మా అమ్మ అక్కడే వీధులు ఊడుస్తుంది.

పెద్ద సారు పేపరు వెయిటు కింద పెట్టి, సరే సరే, లాబ్‌కు పొమ్మనండి అన్నాడు. లాబ్ సారు, మధ్యాహ్నం రా, ఆ ప్రశ్నలు మొదటి నుంచి అడుగుతాను అన్నాడు. మన్నింపు సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళు మమ్మల్ని అడిగేది మానేశారే కానీ, వాళ్ళు మాకు చెప్పాల్సింది ఉందని ఆ ఇద్దరికీ తట్టలేదు. అన్ని పుస్తకాలు చదివిన బుర్రలు.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు. పెద్ద సారు మజ్జిగ పులుసుకు బయలుదేరినట్టున్నాడు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. అప్పుడు దిగింది ఆ మెత్తని తెలుగు.

"పాప బాగా చదువుతుందమ్మా. బాగా చదివించండి. మీవాళ్ళది మొదట ఏ తట్టు?"

నేను ఆయన మొహం చూసి, చేతులు కట్టుకుని, మా ఊరి మర్యాద తమిళంలో చెప్పాను.

"తెలుంగు తెరియాదుంగ, సార్."

నాకు తెలుగు రాదండి అని. ఆయన మెట్లు దిగిపోయాడు. ఆయన పోయాక నా కూతురు నా మీద పడింది. "నీకు బుద్ధి ఉండాదా అమ్మా? ఇంటర్నల్ మార్కు ఆయన సంతకంతో కదా పోయేది." పోతే పోనీ అన్నాను. నీకేమి, రాసేది నేను కదా అంది. అదీ నిజమే. అయినా ఆ మాట వెనక్కు తీసుకోవాలని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

మధ్యాహ్నం అది లాబ్‌కు పోయింది. పరీక్ష రాసింది, గట్టెక్కింది, అరియర్ పడలేదు. మార్కు మాత్రం దాని పక్కన కూర్చుని దాన్ని చూసి రాసేవాడి కంటే తక్కువ వచ్చింది. సంతకం పెట్టిన చెయ్యి ఏదో నాకు తెలుసు.

వీధి పేరు ఆ వారంలోనే క్లాసంతా పాకింది. దానితో కలిసి అన్నం డబ్బా తెరిచే పిల్లల్లో ముగ్గురు నలుగురు వేరే బల్లకు మారిపోయారు. ఒకతె కడుపు నొప్పి అందట, ఒకతె డైటింగ్ అందట. ఆ అబద్ధాలకైనా ఇంకాస్త బుర్ర పెట్టి ఉండవచ్చు. పెరియకుళం నుంచి వచ్చిన పిల్ల ఒకతె, మామిడి తోట వాళ్ళమ్మాయి, ఆమె మాత్రం అదే బల్ల మీద కూర్చుంటుంది. మా చేపల పులుసు దానికి ఇష్టమట. ఆ పిల్ల కోసం డబ్బాలో రెండు ముక్కలు ఎక్కువ పెడుతున్నాను. తక్కినవాళ్ళకు వాసన చాలు.